రుడాల్ఫ్ డీజిల్

రుడాల్ఫ్ డీజిల్ (మార్చి 18, 1858 - సెప్టెంబరు 29, 1913) డీజిల్ ఇంజనును రూపొందించిన జర్మన్ ఇంజనీరు. స్పార్కు ప్లగ్గు అవసరం లేని ఈ ఇంజనుకూ, దానిలో వాడే ఇంధనానికీ ఇతని పేరే స్థిరపడినది.

బాల్యము, విద్యాభ్యాసము

డీజిల్ పారిస్ నగరంలో జర్మన్ దంపతులకు జన్మించాడు. 1870లో ఫ్రాన్సు, ప్రష్యాల మధ్య యుద్ధం రావడంతో వీరి కుటుంబం లండనుకు తరలిపోయినది. అక్కడినుండి పన్నెండేళ్ళ డీజిల్‌ను చదువు కొరకు జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌కు, బంధువుల వద్దకు పంపారు. మ్యూనిక్‌లో శీతలీకరణ యంత్రాల నిపుణుడైన కార్ల్ వాన్ లిండే ఇతని గురువు. 1880లో చదువు ముగించి, పారిస్‌లో లిండే యంత్రాల వ్యాపారంలోనే పనిచేశాడు.

ఇంజను ఆవిష్కరణ

సిలిండరులోని గాలిని మిక్కిలిగా అదిమితే అది వేడెక్కి, అందులోకి చిమ్మిన ఇంధనం తనంతట తానే మండుతుందన్నది ఇతని సూత్రం. 1893లో దీనికి పేటెంటు లభించినది. ఆ ఏడాది ఆగ్స్‌బర్గ్‌లో పరీక్షించిన తొలి ఇంజను నడవలేదు. మార్పులు చేసిన తరువాత 1894 ఫిబ్రవరి 17న ఏ భారమూ లేకుండా, నిమిషానికి 88 చుట్ల వేగంతో సుమారు ఒక నిమిషం పాటు తిరిగినది. 1897 నాటి పరీక్షలో ఇంధనంలోని శక్తిలో 26 శాతాన్ని పనిగా మార్చగలిగినది. అయితే ఇంధనాన్ని చిమ్మడానికి సంపీడిత గాలి కావలసి రావడంతో, బరువైన ఆ కంప్రెసరు వలన ఇంజను కార్లకు పనికిరాలేదు.

మరణము

ఇంజను పేరు పొందినా డీజిల్ అప్పులలో కూరుకుపోయాడు. 1913 సెప్టెంబరు 29న ఆంట్వెర్ప్ నుండి ఇంగ్లండుకు ఓడలో వెళుతూ రాత్రివేళ అదృశ్యమయ్యాడు. కొన్ని దినాల తరువాత సముద్రంలో దొరికిన శవం వద్దనున్న వస్తువులను ఇతని కుమారుడు గుర్తించాడు. ఇది ఆత్మహత్య అని పలువురు భావించినా, అది రుజువు కాలేదు.

కార్లలో డీజిల్ ఇంజను

1927లో బాష్ సంస్థ ఇంధన పంపుల ఉత్పత్తి ప్రారంభించిన పిమ్మట ఇంజను తేలికయినది. 1936లో మెర్సిడెస్-బెంజ్ 260 డి కారు వెలువడినది. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016లో ప్రారంభమైన ఇసుజు కర్మాగారపు డీజిల్ వాహనాలు కూడా ఇదే సూత్రంపై నడుస్తాయి.

ఇంజను శబ్దము

చిమ్మిన ఇంధనం అంటుకొనడానికి స్వల్ప వ్యవధి పడుతుంది. ఆ వ్యవధిలో చేరిన ఇంధనం ఒక్కసారిగా మండుట వలననే డీజిల్ ఇంజను టకటకమంటుంది. ఇంజను చల్లగా ఉన్నపుడు ఈ శబ్దం హెచ్చు. వేడెక్కిన తరువాత కూడా పాత కారు నిలిపి ఉంచినపుడు అదురుతూ ఉంటే డీజిల్ ఫిల్టరు, పైపులలో చేరిన గాలి, ఇంజను మౌంటింగులు, ఇంజెక్టర్లు వరుసగా పరీక్షించాలి. పాతతరం పంపు ఇంజనులలో మెకానిక్కులు ఇంజెక్టరు పైపుల నట్లను ఒక్కొక్కటిగా కొద్దిగా వదులు చేస్తారు. ఏ నట్టును వదులు చేసినపుడు ఇంజను నడకలో మార్పు రాదో, ఆ సిలిండరులోనే లోపమున్నదని గ్రహిస్తారు. కామన్ రైల్ ఇంజనులలో ఇంధన పీడనం అత్యధికం కనుక ఈ పద్ధతి ప్రమాదకరము.