సజీవుని ఎరిగిన సాధువు

1904 డిసెంబరు 18వ తేదీ. పంజాబునందు చలి మిక్కుటముగా నుండు కాలము. రాంపూరు గ్రామములో పదునైదేండ్ల సిక్కు బాలుడొకడు తెల్లవారకముందే లేచి, చన్నీటి స్నానము చేసి, తన గదిలో ప్రార్థించుచుండెను. దేవుడున్నయెడల తనకు ప్రత్యక్షము కావలెను; లేనియెడల ఐదు గంటలకు వచ్చు లూధియానా రైలు క్రింద ప్రాణము విడువవలెను. ఇదియే అతని తీర్మానము.

ఆ బాలుడే సుందర్ సింగ్. 1889 సెప్టెంబరు 3న ధనవంతుల యింట జన్మించెను. భక్తురాలైన తల్లి అతనిని సాధువుగా చూడగోరి, చిన్ననాటనే భగవద్గీతను కంఠస్థము చేయించెను. ఆమె మరణించునప్పటికి అతనికి పదునాలుగేండ్లు. ఆ దుఃఖము అతనిలో కోపముగా మారెను. మిషను పాఠశాలలో చదువుచునే బోధకులపై బురద చల్లెను. డిసెంబరు 16న తండ్రి యెదుటనే బైబిలును చింపి అగ్నిలో వేసెను.

క్రీస్తును గూర్చి అతడు ఎరుగనివాడు కాడు. పాఠశాలలో ప్రతిదినము విన్నాడు. అయితే ఆయన ఏనాడో చనిపోయిన యొక గురువని అతని తలంపు. ఆ తెల్లవారుజామున అతడు చూడగోరినది తన పెద్దలు పూజించిన దేవతలలో ఒకరిని. గది వెలుగుతో నిండినప్పుడు అగపడినది మేకుల గాయములు గల చేతులతో నిలిచిన యేసు ప్రభువు. తన్ను ఎందుకు హింసించుచున్నావని ఆ ప్రభువు హిందూస్థానీలో అడుగగా బాలుడు సాగిలపడెను. మరణించినవాడు ఇట్లు మాటలాడడు గదా! క్రీస్తు సజీవుడై యున్నాడను ఈ యొక్క సంగతియే అతని మిగిలిన జీవితమంతటికి పునాది యాయెను. వెంటనే పోయి నిద్రించుచున్న తండ్రి షేర్ సింగును లేపి, తాను క్రైస్తవుడనైతినని చెప్పెను. మొన్ననే ఆ గ్రంథమును కాల్చినవాడు ఈ మాట చెప్పగా తండ్రి ఎట్లు నమ్మును?

ఇంటివారు బ్రతిమాలిరి, ఆశ చూపిరి, బెదిరించిరి. సుందర్ సింగ్ తన కేశములను కత్తిరించుకొనెను. సిక్కు కుటుంబమునకు అది ఎంతటి గాయమో మనము తేలికగా ఎంచరాదు. తండ్రి అతనిని చచ్చినవానిగా ఎంచి వెళ్ళగొట్టెను. ఆ రాత్రి అతడు చెట్టు క్రింద చలిలో గడపెను. ఇంట చివరిగా తినిన భోజనములో విషము కలుపబడి యుండగా, రూపరులో రైలు దిగి, అచ్చటి క్రైస్తవుల యింట చావు బ్రతుకుల నడుమ పడి, కోలుకొనెను.

1905 సెప్టెంబరు 3న, తన పదునారవ జన్మదినమున, సిమ్లాలో బాప్తిస్మము పొందెను. నెల దాటిన కొలది దినములకే కాషాయ వస్త్రము ధరించి, పాదరక్షలు లేక, చేత క్రొత్త నిబంధనతో బయలుదేరెను. తల్లి కోరిన సాధువు ఆయెను గాని, ఆమె ఊహింపని ప్రభువునకు సాధువాయెను. పేరు మార్చుకొనలేదు; దొరల వేషము వేయలేదు. 1909లో లాహోరులోని దైవశాస్త్ర కళాశాలలో చేరినను, అచ్చటి కట్టుబాట్లలో ఇముడలేక కొలది కాలమునకే విడిచివచ్చెను.

సబాతులో కుష్ఠరోగుల మధ్య పరిచర్య చేసెను. వేసవి కాలములలో టిబెట్టు మార్గము పట్టెడివాడు. 1920లోను 1922లోను పాశ్చాత్య దేశములను దర్శించగా జనులు గుంపులుగా వచ్చిరి. ఆయన చెప్పిన అద్భుతములను గూర్చి యూరపులో పండితులు తీవ్రముగా వాదించుకొనిరి. వానిలో కొన్నింటికి సాక్ష్యము దొరకుట కష్టమే. అయితే గదిలో మోకరించిన బాలుడు లేచినప్పుడు మరియొకడై లేచెననుటకు ఆయన నడిచిన ఇరువదినాలుగు సంవత్సరములే చాలును.

చచ్చినవానిగా ఎంచిన తండ్రియే కాలక్రమమున క్రీస్తును నమ్మెను. 1920లో కుమారుని ఇంగ్లాండు ప్రయాణమునకు ఖర్చు ఇచ్చినది ఆ షేర్ సింగే.

ఆరోగ్యము చెడియున్నను, 1929 ఏప్రిల్‌లో సాధువు మరల టిబెట్టునకు బయలుదేరెను. అప్పటికి ఆయన వయస్సు ముప్పది తొమ్మిది. స్నేహితులు కొండదారులలో వెదకిరి గాని జాడ దొరకలేదు. 1933లో ప్రభుత్వము ఆయన మరణించినట్లు ఎంచి వీలునామాను అంగీకరించెను. ఆయన సమాధి ఎచ్చట నున్నదో ఎవరును ఎరుగరు.