సూర్యుడి దూరం తేల్చే దశాంశ బిందువు.. విశాఖ నరసింగరావు చేసిన పని తెలుసా?

భీమునిపట్నం: భీమిలి నుంచి తీరం వెంట విశాఖ వస్తే డాబా గార్డెన్స్ ఎక్కడో ఆటోవాళ్లే చెప్పేస్తారు. ఒకప్పుడు అక్కడ టెలిస్కోప్ ఉండేదని మాత్రం చాలామందికి తెలీదు. గోడే వెంకట జగ్గారావు 1840లో పెట్టిన అబ్జర్వేటరీ అది. ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు (1827-1892) దాన్ని నడిపారు.

1874 డిసెంబరు 9 ఉదయం సూర్యబింబం మీదుగా శుక్రుడు నల్లచుక్కలా దాటాడు. నరసింగరావు ఆ సమయాలు కొలిచి లండన్‌ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపారు. అసలు ఎందుకంత తంటా? సూర్యుడి దూరం కోసం!

శుక్రుడి దాటును వేర్వేరు చోట్ల నుంచి కొలిస్తే ఓ చిన్న కోణం వస్తుంది. డిగ్రీని 3600 ముక్కలు చేస్తే అందులో ఒకటి సెకన్. ఆ కోణం ఇప్పటి విలువ సుమారు 8.8 సెకన్లు. లెక్క ఇదీ.. భూమి వ్యాసార్ధం 6378 కిలోమీటర్లను 206265తో గుణించి, 8.8తో భాగించాలి. జవాబు సుమారు 14.95 కోట్ల కిలోమీటర్లు.

చిక్కంతా ఆ బిందువు దగ్గరే. 8.8ని 88 చేసుకుని భాగించొచ్చు, కానీ పైసంఖ్యనీ 10తో గుణించాలి. మర్చిపోయారా? సూర్యుడు కోటిన్నర కిలోమీటర్లకే వచ్చేస్తాడు! బిందువు సరిగ్గా ఉన్నా తర్వాతి అంకెలూ ముఖ్యమే. జర్మన్ శాస్త్రవేత్త ఎన్కే పాత విలువ 8.57తో భాగిస్తే దూరం దాదాపు 40 లక్షల కిలోమీటర్లు పెరుగుతుంది. ఆ తేడా తేల్చడానికే ప్రపంచమంతా ఆ ఉదయం టెలిస్కోపులు ఎక్కుపెట్టింది.

శుక్రుడు ఆ తర్వాత 1882, 2004, 2012లో దాటాడు. మళ్లీ 2117లోనే.