విద్యాసాగరుడు బహ్రుల్ ఉలూమ్

అరసవల్లి పక్కనే ఉన్న శ్రీకాకుళంలో నిజాం తరఫున ఫౌజ్‌దారుగా పనిచేసిన అన్వరుద్దీన్ ఖాన్ 1744లో ఆర్కాటు నవాబయ్యారు. ఆయన కుమారుడు ముహమ్మద్ అలీ వాలాజా మద్రాసుకు రప్పించుకున్న మహా పండితుడు మౌలానా అబ్దుల్ అలీ. బహ్రుల్ ఉలూమ్, అంటే విద్యాసాగరం, అన్న బిరుదుతోనే మనం ఆయన్ని ఎరుగుదుం.

మౌలానాది లక్నోలోని ఫిరంగీ మహల్ వంశం. మన మదర్సాల్లో నేటికీ నడిచే దర్సె నిజామీ ఆయన తండ్రి ముల్లా నిజాముద్దీన్ పేరు మీదిదే. 1748లో తండ్రి మరణించేనాటికి ఆయనకు ఇరవై ఏళ్లు నిండలేదు. తర్వాత షియా-సున్నీ తగాదా కారణంగా లక్నో విడిచారు. షాజహాన్‌పూర్, రాంపూర్, బెంగాల్‌లోని బుహార్ అయ్యాక మద్రాసు చేరారు. నవాబు స్వయంగా ఆయన పల్లకీకి భుజం పట్టారని చెబుతారు.

1707లో మరణించిన ముహిబ్బుల్లా బిహారీ రాసిన ముసల్లముస్సుబూత్‌కు మౌలానా ఫవాతిహుర్రహమూత్ అనే వ్యాఖ్య రాశారు. అందులో ఒక పాత పేచీ ఉంది. అల్లాహ్ ఆజ్ఞాపించాడు కాబట్టి న్యాయం మంచిదయిందా? మంచిది కాబట్టి ఆజ్ఞాపించాడా? మొదటిదే నిజమని అష్అరీలు అన్నారు. మంచిచెడులను బుద్ధి తెలుసుకోగలదు, ఆ తెలివే మనిషిని బాధ్యుణ్ణి చేస్తుందని ముఅతజిలాలు వాదించారు. మొదటి మాట పట్టుకుంటే దైవేచ్ఛకు కారణమే ఉండదేమోనన్న భయం, రెండోది పట్టుకుంటే మన బుద్ధి దైవానికే హద్దు గీస్తుందేమోనన్న భయం. మౌలానా అనుసరించిన మాతురీదీ మార్గం నడుమ సాగింది. పనుల్లో మంచిచెడులు నిజంగానే ఉన్నాయి, వాటిలో కొన్నింటిని బుద్ధి గుర్తిస్తుంది, అయినా శాసనం మాత్రం అల్లాహ్‌దే. ఆయన వివేకవంతుడు గనుక తగినదాన్నే శాసిస్తాడు.

ఇది ఉత్త తర్కం కాదు. ఏ ప్రవక్త సందేశమూ చేరని కొండకొమ్మున పెరిగిన మనిషి మాటేమిటి? సృష్టికర్తను తెలుసుకోవడానికి బుద్ధి చాలునని హనఫీ పండితుల్లో కొందరన్నారు. సందేశం అందనిదే దోషం లేదని బుఖారా పండితులు అన్నారు. మన పూర్వీకుల్లో ఎందరో ఆ కొండమనిషి వంటివారే. అందుకే ఈ చర్చ మనకు పరాయిదనిపించదు.

ఇంత తర్కం చదివిన మౌలానాయే రూమీ మస్నవీకీ వ్యాఖ్య రాశారు. 1795లో వాలాజా చనిపోయారు, 1801లో ఆర్కాటు రాజ్యం కంపెనీ పరమైంది. మౌలానా మద్రాసు విడిచి వెళ్లలేదు. 1810లో అక్కడే కన్నుమూశారు. ట్రిప్లికేన్‌లో వాలాజా మసీదు ఆవరణలో ఆయన సమాధి ఉంది.