ఎత్తుకు పైయెత్తు: జాన్ వాన్ న్యూమన్ జీవితము

వీథియరుగుమీద ఇద్దరు బాలురు చింతగింజలతో సరి-బేసి యాడుచుందురు. ఒకడు పిడికిలి మూయును. రెండవవాడు లోపలివి సరియో బేసియో చెప్పవలెను. మూసినవాడు ప్రతిసారియు సరినే పట్టినచో రెండవవాడు త్వరలోనే కనిపెట్టును. ఒకసారి సరి, ఒకసారి బేసి యని వరుసగా మార్చినను ఆ వరుసయు పట్టుబడును. ఎదుటివానికి అంతుపట్టకుండవలెనన్న, తన చేతికే ముందుగా తెలియని రీతిగా ఆడుట మేలని తెలివిగల బాలుడు కొంతసేపటికి గ్రహించును. బాలుర కీ విధముగా తోచు సంగతి వెనుక ఒక గణిత సిద్ధాంతము కలదని 1928లో నిరూపించి ప్రకటించినవాడు జాన్ వాన్ న్యూమన్. అప్పటి కాయన వయస్సు 24 సంవత్సరములు.

ఆయన 1903 డిసెంబరు 28వ తేదీన హంగరీ రాజధానియగు బుడాపెస్టులో జన్మించెను. తలిదండ్రులు పెట్టిన పేరు యానోష్. తండ్రి సంపన్నుడైన యూదు బ్యాంకరు. 1913లో ఆ కుటుంబమునకు చక్రవర్తివలన వంశపారంపర్యమైన గౌరవము లభించినది; పేరులోని వాన్ అను మాటకు మూలమదియే. ముగ్గురు కుమారులలో యానోష్ జ్యేష్ఠుడు. జర్మను భాషలో నున్న ప్రపంచచరిత్ర సంపుటములను బాల్యముననే చదివి, పెద్దవాడైన పిదపకూడ వానిలోని సంగతులను తడుముకొనక చెప్పగలిగెడివాడు.

ఆ బాలుడు చదివిన లూథరన్ పాఠశాలలో లాస్లో రాట్స్ అను గణితోపాధ్యాయుడుండెను. తరగతిలోని మామూలు పాఠము ఈ విద్యార్థికి చాలదని ఆయన మొదటనే గుర్తించెను. గుర్తించి మిన్నకుండలేదు, తండ్రితో మాటాడి, విశ్వవిద్యాలయ పండితులచేత విడిగా చెప్పించు ఏర్పాటు చేసెను. తనకంటె మిన్నయైన శిష్యుని చూచి నొచ్చుకొనని గురువులు ఏ దేశమునందైనను అరుదు. ఆ పాఠశాలలోనే ఒక తరగతి పైన చదివిన యూజీన్ విగ్నర్ 1963లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము పొందెను; ఆయనయు రాట్స్ పేరును జీవితాంతము కృతజ్ఞతతో స్మరించెను.

1919లో హంగరీయందు బేలా కున్ నాయకత్వమున కమ్యూనిస్టు ప్రభుత్వ మేర్పడి కొన్ని నెలలలోనే కూలిపోయెను. ఆ దినములలో న్యూమన్ కుటుంబము దేశము విడిచిపోయి, పిదప తిరిగివచ్చినది. అటుపై వచ్చిన ప్రభుత్వము 1920లో విశ్వవిద్యాలయములందు యూదుల సంఖ్యకు శాసనముచే హద్దు పెట్టెను. కమ్యూనిజముపై ఆయనకు జీవితమంతయు నిలిచియున్న విముఖతకు వేళ్లు ఈ యనుభవములందే యున్నవి. తరువాతి కథకు ఇది ముఖ్యము.

గణితము కూడుపెట్టదని తండ్రి భయము. కుమారుడు రసాయన యింజనీరింగు చదువవలెనని ఆయన కోరెను. కుమారుడు తండ్రి మాట త్రోసివేయలేదు, తన కోరికను విడువనూ లేదు. బెర్లినులోను జూరిచ్‌లోను రసాయనశాస్త్రము చదువుచు, బుడాపెస్టు విశ్వవిద్యాలయమున గణితవిద్యార్థిగా పేరు నమోదు చేసికొని, పరీక్షల వేళకు మాత్ర మచటికి పోవుచుండెను. 1926లో జూరిచ్‌నుండి యింజనీరింగు పట్టమును, బుడాపెస్టునుండి గణితమున డాక్టరు బిరుదమును రెండును చేతికివచ్చెను. ఆ వెంటనే గోటింగెన్ నగరమున మహాగణితవేత్త హిల్బర్టు సన్నిధికి చేరెను. 1926 డిసెంబరులో అచ్చటి పండితసభయందే తన క్రీడాసిద్ధాంతమును మొదట వినిపించెను.

ఆ సిద్ధాంతసార మిది. ఇద్దరాడు ఆటలో ఒకని లాభము రెండవవాని నష్టమునకు సరిగా సమానమైనపుడు, ప్రతి యాటగాడును తన యెత్తు ఎదుటివానికి తెలిసిపోయినను తనకు కలుగగల నష్టము ఎంతవఱకో లెక్కించి, ఆ నష్టము అత్యల్పమగు మార్గమును ఎన్నుకొనవచ్చును. ఒకే యెత్తునకు కట్టుబడక, ఎత్తులను తగిన పాళ్లలో కలిపి వాడినచో, ఇరువురి లెక్కలును ఒకే విలువవద్ద కలిసికొనును. ఫ్రెంచి గణితవేత్త బోరెల్ 1921నుండియే ఈ దారిని నడచెను గాని, అన్ని యాటలకును ఇది చెల్లునని నిరూపింపలేకపోయెను. చెల్లదేమోయని సందేహించెను గూడ. న్యూమన్ చెల్లునని నిరూపించెను.

1930లో ఆయన అమెరికాయందలి ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయమునకు పిలువబడెను. 1933లో ఆ యూరనే నెలకొన్న ఉన్నత విద్యాపరిశోధన సంస్థయందు ఐన్‌స్టీనుతోపాటు ఆచార్యుడయ్యెను. ఆ యేటనే జర్మనీలో హిట్లరు అధికారమునకు రాగా, యూదులైన ఆచార్యులు కొలువులు కోల్పోయిరి. సరియైన వేళకు సరియైన చోటికి చేరుటలోను ఆయనది ముందుచూపే. ప్రిన్‌స్టనులో విందులు, వినోదములు, వేగముగా కారు నడపి ప్రమాదములు తెచ్చుకొనుట, ఇవన్నియు ఆయన చరిత్రలోని భాగములే. నిశ్శబ్దమున కూర్చుండి ఆలోచించు ఋషితుల్యుడను చిత్రము ఆయనకు నప్పదు. మన చంద్రశేఖర్‌తో కలిసి నక్షత్రముల ఆకర్షణబలములనుగూర్చి ఆయన వ్రాసిన పరిశోధనపత్రములు 1942, 1943 సంవత్సరములలో వెలువడినవి.

వియన్నానుండి వలసవచ్చిన ఆస్కార్ మార్గన్‌స్టెర్న్ అను అర్థశాస్త్రజ్ఞుడు ప్రిన్‌స్టనులో ఆయనకు స్నేహితుడయ్యెను. ఒక వర్తకుని లాభనష్టములు ఎదుటి వర్తకుని ఆలోచనపైన ఆధారపడియుండగా, ఆ చిక్కును అర్థశాస్త్రము సరిగా పట్టించుకొనలేదని మార్గన్‌స్టెర్న్ బాధ. ఇరువురును కలిసి 600 పుటలకు మించిన గ్రంథము వ్రాసిరి. ఆటల సిద్ధాంతమును, ఆర్థిక ప్రవర్తనను గూర్చిన ఆ గ్రంథము 1944లో ప్రకటితమైనది.

అందులోని ఒక యుదాహరణము అపరాధపరిశోధక కథలు చదివినవారికి సుపరిచితము. షెర్లాక్ హోమ్స్ ప్రాణభయముతో లండనునుండి డోవర్ రేవునకు రైలెక్కును. పగవాడైన మోరియార్టీ ప్రత్యేకపు రైలులో వెంబడించును. నడుమ కాంటర్‌బరీ అను స్టేషను మాత్ర మున్నది. హోమ్స్ అచ్చట దిగవలెనా, డోవర్ వఱకు పోవలెనా? నేను డోవర్ పోదునని వాడనుకొనును గనుక నడుమ దిగెదననుకొన్నచో, ఆ యాలోచనను వాడును ఊహింపవచ్చును. ఆ యూహను హోమ్స్ ఊహింపవచ్చును. దీనికి అంతము లేదు. గ్రంథకర్తలు ఈ అనంతపు గొలుసును ఒక్క దెబ్బతో తెంచిరి. ఇద్దరును ఒకేచోట దిగినచో మోరియార్టీకి 100 లాభమనిరి. హోమ్స్ డోవర్ చేరి తప్పించుకొని విదేశమునకు పోయినచో మోరియార్టీకి 50 నష్టము. హోమ్స్ కాంటర్‌బరీలో దిగి, పగవాడు డోవర్ పోయినచో ఆట తెగదు, విలువ సున్న.

ఇక లెక్క కట్టవచ్చును. మోరియార్టీ పదింట ఆరుపాళ్లు డోవర్‌వైపును, నాలుగుపాళ్లు కాంటర్‌బరీవైపును మొగ్గవలెను. హోమ్స్ పదింట ఆరుపాళ్లు కాంటర్‌బరీలో దిగవలెను. పది చీట్లు వ్రాసి కన్నులు మూసికొని ఒకటి తీసినట్లే. అపుడు మోరియార్టీ డోవర్ పోయినను, కాంటర్‌బరీలో దిగినను వాని సగటు లాభము 40కి మించదు. హోమ్స్ ఏమి చేసినను ఆ 40కి తగ్గింపలేడు. గణితము తెలిసిన విద్యార్థి కాగితముపైన దీనిని సరిచూచుకొనవచ్చును. ఈ లెక్కప్రకారము రైలు కదలునప్పటికే హోమ్స్ నూటికి 48 పాళ్లు మృతుడని గ్రంథకర్తలు అధోజ్ఞాపికలో పరిహాసముగా సూచించిరి. కథలో హోమ్స్ కాంటర్‌బరీలోనే దిగెను, మోరియార్టీ డోవర్‌వైపే సాగిపోయెను.

పేకాటలోని బుకాయింపునుగూడ ఆ గ్రంథము శాస్త్రమునకు లోబఱచినది. చేతిలో ముక్కలు లేకున్నను పెద్ద పందెము కట్టుట దుస్సాహసము కాదు. ఎన్నడును బుకాయింపనివాని పెద్ద పందెమును చూచినంతనే ఎదుటివాడు తప్పుకొనును, మంచి ముక్కలు వచ్చినను వానికి ఫలము దక్కదు. కనుక కొన్ని పాళ్లు బుకాయించుట లెక్కప్రకారమే అవసరము. ఈ బీజము చిరకాలమునకు ఫలించెను. 2017లో అమెరికాలోని పిట్స్‌బర్గులో లిబ్రాటస్ అను కృత్రిమమేధ నలుగురు నిపుణులైన పోకర్ ఆటగాండ్రతో 1,20,000 చేతులాడి గెలిచెను. ఆ యంత్రమునకు ఎదుటివారి ముఖకవళికలు తెలియవు. ఎదుటివా డెట్లాడినను తాను దెబ్బతినని పాళ్లను తనతో తానే కోట్లకొలది పర్యాయములు ఆడుకొని సాధించెను. ఆ పాళ్లు ఉండితీరునని హామీ యిచ్చునది 1928 నాటి సిద్ధాంతమే.

అట్టి యంత్రమునకు ఆకృతి కల్పించుటలోను న్యూమన్‌కు భాగము కలదు. 1944 వేసవిలో అబర్డీన్ రైలుస్టేషనులో గోల్డ్‌స్టైన్ అను యువ సైనికాధికారి ఆయనను చూచి పలుకరించెను. ఫిలడెల్ఫియాలో సైన్యముకొఱకు నిర్మింపబడుచున్న ఎనియాక్ అను ఎలక్ట్రానిక్ గణనయంత్రము ప్రస్తావన అచ్చట వచ్చినది. దానిలో దాదాపు 18,000 వాక్యూం ట్యూబులు; లెక్క మారినపుడెల్ల తీగెలు మార్చి బిగింపవలెను. సంఖ్యలతోపాటు ఆదేశములనుగూడ యంత్రము జ్ఞాపకమునందే దాచవలెనను భావమును న్యూమన్ 1945 జూన్ నాటి నివేదికలో స్పష్టముగా వివరించెను. నేటి కంప్యూటరులలో అత్యధికభాగము ఆ పద్ధతినే నడచుచున్నవి. కాని ఆ నివేదికపైన ఆయన పేరొక్కటియే యుండెను. ఎనియాక్ నిర్మాతలైన ఎకర్ట్, మాక్లీలు ఆ ఆలోచనలలో తమకును పాలు కలదని జీవితాంతము వాపోయిరి. వారి బాధ న్యాయమైనదే. 1973లో అమెరికా న్యాయస్థానము వారి పేటెంటును కొట్టివేయుటకు చూపిన కారణములలో ఆ నివేదికయు ఒకటి యగుట మఱింత విషాదకరము.

ఆ సంవత్సరములలోనే ఆయన లాస్ అలమోస్‌లో అణుబాంబు నిర్మాణమునకు సలహాదారు. ప్లుటోనియం గోళమును అన్నివైపులనుండి ఒక్కసారిగా లోపలికి నొక్కు పేలుడు లెక్కలు ఆయనకు ప్రత్యేకముగా అప్పగింపబడినవి. నాగసాకిపై పడిన బాంబు ఆ రీతిదే. 1945లో జపానునందు ఏ నగరములపై బాంబు వేయవలెనో పరిశీలించిన సంఘమునందును ఆయన సభ్యుడు. ఆ సంఘము జాబితాలో దేవాలయముల నగరమైన క్యోటో ఉండెను. దానిని తీసివేసినది గణితము కాదు. యుద్ధమంత్రి స్టిమ్సన్ పట్టుదల.

యుద్ధానంతరము రాండ్ సంస్థ మొదలైనచోట్ల క్రీడాసిద్ధాంతము రణనీతికి పనిముట్టయ్యెను. రష్యా తేరుకొనకముందే దానిపై యుద్ధము ప్రారంభించుట మేలని న్యూమన్ 1950 ప్రాంతమున బహిరంగముగా వాదించెను. ఇంతటి మేధావి ఇంతటి ఘోరమును ఎట్లు పలికెనని నేటివారికి తోచును. బాల్యమునాటి విముఖత ఒక కారణము. ఒకని లాభము మఱొకని నష్టమే యగు ఆటలో ఎదుటివానిని నమ్ముటకు చోటు లేకుండుట మఱొకటి కావచ్చును. కాని అణ్వాయుధముల పోరు అట్టి యాట కాదు. ఇరువురును ఒకేసారి సర్వనాశనము కాగలరు. ఆ 1950లోనే రాండులోని ఫ్లడ్, డ్రెషర్ అను ఇద్దరు, ఎవరికి వారు తెలివిగా నడచికొన్నను ఇరువురును నష్టపోవు ఒక యాటను కల్పించిరి. అది ఖైదీల సందిగ్ధమను పేర ప్రసిద్ధి కెక్కెను. అంతకు పూర్వమే ప్రిన్‌స్టను విద్యార్థియగు జాన్ నాష్, లాభనష్టములు సరిసమానము కాని యాటలకును సమతౌల్యము కలదని నిరూపించి న్యూమన్‌కు చూపబోయెను. ఆయన అది తెలిసిన సిద్ధాంతమునకు చిన్న విస్తరణమేయని తేల్చివేసెను. నాష్‌కు 1994లో నోబెల్ బహుమానము వచ్చినది. రాట్స్ వంటి గురువును పొందినవాడు ఆ నాడు రాట్స్ వలె ప్రవర్తింపలేదు.

అయినను ఆయనను కఠినుడని త్రోసివేయరాదు. 1954లో ఓపెన్‌హైమర్ దేశభక్తిపై విచారణ జరిగినపుడు, హైడ్రోజన్ బాంబు విషయమున ఆయనతో విభేదించియు, ఆయన విశ్వాసపాత్రుడేయని నిర్భయముగా సాక్ష్యమిచ్చెను.

1955 మార్చిలో అణుశక్తి సంఘ సభ్యుడుగా పదవి స్వీకరించెను. ఆ వేసవిలోనే క్యాన్సరు బయటపడెను. కొన్ని నెలలలో చక్రముల కుర్చీకి పరిమితుడై, 1956 ఏప్రిలులో వాషింగ్టనులోని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో చేరెను. మందుల మైకమున రహస్యములు పలుకునేమోయని సైన్యము కాపలా పెట్టినది. ఆయన మృత్యువునకు మిక్కిలి భయపడెను. పూర్వము వివాహవేళ పేరునకు మాత్రమే స్వీకరించిన కాథలిక్ మతము తాలూకు మతగురువును పిలిపించుకొనెను. మిత్రులకు ఆశ్చర్యము కలిగినది, ఆయనకు మాత్రము శాంతి కలుగలేదు. కుమార్తె మెరీనా వచ్చినపుడు ఏడును నాలుగును కలిపిన ఎంత అను వంటి ప్రశ్నలు వేయుమని కోరెడివాడు. తన బుద్ధి మిగిలియున్నదో లేదో పరీక్షించుకొనుటకు. ఆమె కన్నీరు ఆపుకొనలేక గది వెడలిపోయెను. 1957 ఫిబ్రవరి 8వ తేదీన, 53 ఏండ్ల వయస్సున ఆయన కన్నుమూసెను.

యేల్ విశ్వవిద్యాలయమున గణనయంత్రమును మానవుని మెదడును పోల్చి ఉపన్యసింపవలసియుండి, వ్యాధివలన పోలేకపోయిన ఆయన, వ్రాయగలిగినంత వ్రాసి విడిచెను. 1958లో అచ్చయిన ఆ చిన్న పుస్తకము అసంపూర్ణము. మెదడు లోపల వాడుకొను భాష, మనము గణితమని పిలుచు భాష ఒకటి కాకపోవచ్చునను ఊహవద్ద అది ఆగిపోయినది.