వేదనాయగం శామ్యూల్ అజరయ్య

వేదనాయగం శామ్యూల్ అజరయ్య (1874 ఆగష్టు 17 - 1945 జనవరి 1) ఆంగ్లికన్ క్రైస్తవ సంఘములో బిషప్ పదవిని పొందిన మొట్టమొదటి భారతీయుడు. పుట్టుకతో తమిళుడైనా జీవితములో చివరి 35 సంవత్సరములు తెలుగువారి మధ్యనే గడిపి, తెలుగు నేర్చి, తెలుగు నేలలోనే కన్నుమూశాడు. 1912 నుండి మరణించే వరకు డోర్నకల్ బిషప్‌గా పనిచేశాడు. ఆ కాలమంతటా పూర్తి అధికారము గల అధ్యక్ష మండలమునకు బిషప్‌గా ఉన్న భారతీయుడు ఆంగ్లికన్ సంఘములో ఈయన ఒక్కడే. వేర్వేరు శాఖలుగా విడిపోయి ఉన్న ప్రొటెస్టంటు సంఘములను ఒక్కటిగా చేయుటకు ఈయన చేసిన కృషి, 1947లో దక్షిణ ఇండియా సంఘము (సి.ఎస్.ఐ.) ఏర్పడుటకు ముఖ్య కారణములలో ఒకటి.

బాల్యము, విద్య

అజరయ్య తమిళనాడులోని తిరునెల్వేలి సీమలో వెళ్ళాలన్‌విళై అను గ్రామములో జన్మించాడు. తండ్రి థామస్ వేదనాయగం, తల్లి ఎలెన్. వీరిది నాడార్ కులము. తండ్రి 1839లో క్రైస్తవము స్వీకరించి, తరువాత ఆ గ్రామమునకే ఆంగ్లికన్ గురువుగా పనిచేశాడు. అజరయ్య బాల్యములోనే తండ్రి మరణించగా తల్లి క్రమశిక్షణలో పెరిగాడు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో గణితము చదివాడు గాని, పరీక్షల సమయములో అనారోగ్యము పాలగుట వలన పట్టా పొందలేకపోయాడు. 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా చేరి 1909 వరకు దక్షిణ భారతమంతటా పర్యటించాడు. అమెరికా దేశీయుడైన షెర్వుడ్ ఎడ్డీతో స్నేహము ఈ రోజులలోనే కుదిరింది. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను కట్నము తీసుకోకుండా వివాహమాడాడు.

స్వదేశీ మిషనరీ సంఘములు

1902లో అజరయ్య శ్రీలంకలోని జాఫ్నాకు వెళ్ళాడు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, సొంత మనుషులతో సువార్త పని నడుపుట చూచి, తన సీమలో అటువంటిది లేదే అని చింతించాడు. 1903 ఫిబ్రవరిలో తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘమును స్థాపించాడు. విదేశీ ధనమును ఆశించకుండా భారతీయుల కానుకలతో, భారతీయ సేవకులతోనే పని జరగాలన్నది దాని నియమము. 1905 డిసెంబరు 25న సేరంపూరులో అన్ని శాఖల వారితో ఏర్పడిన జాతీయ మిషనరీ సంఘమునకు కూడ ఈయన వ్యవస్థాపకులలో ఒకడు. వేర్వేరు శాఖల క్రైస్తవులు ఒకే పనిలో కలిసి నడచుట ఎంత అవసరమో, ఎంత కష్టమో ఆయనకు మొదట అనుభవమునకు వచ్చినది ఇక్కడే.

డోర్నకల్‌కు రాక

తిరునెల్వేలి సంఘము తన పనికి నిజాం రాజ్యపు ఆగ్నేయ మూలనున్న డోర్నకల్ ప్రాంతమును ఎంచుకున్నది. కాజీపేట - విజయవాడ రైలు మార్గములో గార్ల, డోర్నకల్ పక్కపక్క స్టేషన్లు. పూర్వము గార్ల ఖమ్మం జిల్లాలోను, డోర్నకల్ వరంగల్ జిల్లాలోను ఉండేవి. 2016 అక్టోబరు నుండి రెండును మహబూబాబాద్ జిల్లాలోని మండల కేంద్రములు. 1909లో అజరయ్య వై.ఎం.సి.ఏ. ఉద్యోగము విడిచి, గురుత్వ అభిషేకము పొంది, కుటుంబముతో డోర్నకల్ చేరాడు. తమిళనాడులో పేరుపొందిన మనిషి, భాష కూడ తెలియని కుగ్రామమునకు సామాన్య సేవకుడుగా వచ్చాడు.

ఎడింబరో ప్రసంగము

1910లో స్కాట్లండులోని ఎడింబరో నగరములో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1200 మంది ప్రతినిధులలో ఆసియావారు 20 మందికి లోపే. వారిలో అజరయ్య ఒకడు. విదేశీ మిషనరీలకు, దేశీయ సేవకులకు మధ్య సంబంధమును గూర్చి ఈయన సూటిగా మాట్లాడాడు. భారతీయుల కొరకు మిషనరీలు ఎంతో త్యాగము చేశారని ఒప్పుకుంటూనే, వారిలో చాలమంది తమ భారతీయ సహచరులను ఇంటికి పిలిచి భోజనము పెట్టినవారు కారని చెప్పాడు. దయతో పాటు స్నేహము కావాలని అడిగాడు. ఈ మాటలకు సభలో కొందరు నొచ్చుకొన్నారు. ఆ మహాసభ ప్రసంగములలో ఇప్పటికీ ఎక్కువగా చెప్పుకొనునది ఇదే.

బిషప్‌గా అభిషేకము

అజరయ్యను బిషప్ చేయాలన్న ఆలోచనకు మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ అండగా నిలిచాడు. వ్యతిరేకత రెండు వైపుల నుండి వచ్చింది. భారతీయుని కింద పనిచేయుటకు కొందరు ఐరోపా మిషనరీలు ఇష్టపడలేదు. కులమును పట్టి చూచిన కొందరు తమిళ క్రైస్తవులు కూడ అడ్డు చెప్పారు. అయినను 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కెథడ్రల్‌లో ఈయనకు బిషప్‌గా అభిషేకము జరిగింది. అప్పటికి వయస్సు 38 సంవత్సరములు.

డోర్నకల్ అధ్యక్ష మండలము

మొదట చిన్నదిగా ఉన్న డోర్నకల్ అధ్యక్ష మండలములో, తరువాత కృష్ణా జిల్లా మొదలైన తెలుగు ప్రాంతములలోని ఆంగ్లికన్ సంఘములు కూడ చేరాయి. ఆ గ్రామ క్రైస్తవులలో అత్యధికులు మాల, మాదిగ కులములవారు. భూమి లేదు, అక్షరము లేదు, ఊరి బావి నీరు లేదు. అజరయ్య ఎడ్లబండి మీద, కాలినడకన పల్లెలు తిరిగి వీరి మధ్య పనిచేశాడు. ప్రతి పల్లెకు ఒక ఉపాధ్యాయుడు ఉండాలన్నది ఆయన పట్టుదల. పగలు పిల్లలకు, రాత్రి కూలిపని నుండి వచ్చిన పెద్దలకు ఆ ఉపాధ్యాయుడే చదువు చెప్పేవాడు. ఉపాధ్యాయుని భార్యకు కూడ శిక్షణ ఇచ్చేవారు. డోర్నకల్ బడులలో చదువుతో పాటు చేతిపని తప్పనిసరి.

ఆరాధనలో తెలుగు కీర్తనలకు, కథాకాలక్షేపమునకు, కోతకాలపు పండుగలకు చోటిచ్చాడు. డబ్బు లేనివారు ధాన్యము, కోళ్ళు, గుడ్లు కానుకగా తెచ్చేవారు. బీదవాడు కూడ ఇచ్చేవాడుగా మారినప్పుడే తలెత్తుకొని నిలుస్తాడని ఈయన నమ్మకము. సంఘములోనికి వచ్చిన తరువాత కూడ మాల, మాదిగల మధ్య ఎడము పూర్తిగా పోలేదు. ప్రభు భోజన సంస్కారమునకు ఇరువురు ఒకే వరుసలో మోకరించవలెనని ఆయన పట్టుబట్టాడు. 1912లో సుమారు 56 వేలుగా ఉన్న మండలములోని క్రైస్తవుల సంఖ్య 1941 నాటికి సుమారు 2 లక్షల 25 వేలకు పెరిగింది.

తెలుగునాట క్రైస్తవ శాఖలు

ఆనాడు తెలుగు దేశములో ఒక గ్రామ క్రైస్తవుడు ఏ శాఖవాడు అన్నది అతని విశ్వాసమును బట్టి కాక, అతని ఊరికి మొదట వచ్చిన మిషను ఏది అన్న దానిని బట్టి ఉండేది. మిషనులు ఒకరి ప్రాంతములోనికి ఒకరు పోకుండా హద్దులు పంచుకొన్నాయి. మచిలీపట్నములో 1841 నుండి ఆంగ్లికన్లు, గుంటూరులో 1842 నుండి లూథరన్లు, నెల్లూరు, ఒంగోలులలో అమెరికన్ బాప్టిస్టులు, కాకినాడ ప్రాంతములో కెనడియన్ బాప్టిస్టులు, కడప వైపు లండన్ మిషను, మెదక్‌లో వెస్లియన్ మెథడిస్టులు పనిచేశారు. తెలంగాణములోనే హనుమకొండ, నల్లగొండ, జనగామ ప్రాంతములు బాప్టిస్టులవి కాగా, డోర్నకల్, ఖమ్మం ప్రాంతములు ఆంగ్లికన్లవి. రోమన్ కాథలిక్కుల సంఘములు వీటన్నిటికి వేరుగా ఉండేవి.

ఈ భేదములు పుట్టినవి ఐరోపాలో. ఇంగ్లండు రాజుల కాలపు తగవులు, జర్మనీ మతసంస్కరణల వివాదములు తెలుగు పల్లెలోని కూలివానికి తెలియవు. కాని వానిని బట్టి ఒక ఊరి క్రైస్తవుడు పొరుగు ఊరి క్రైస్తవునితో కలిసి ప్రభు భోజనము తీసుకొనలేకపోయేవాడు. కులము చేత ఇదివరకే చీలిన ప్రజలను సంఘము మళ్ళీ చీల్చుట అజరయ్యకు సహింపరానిదిగా తోచింది.

ఐక్యతకు కృషి

1919 మే 1, 2 తేదీలలో తరంగంబాడిలో 33 మంది సంఘ నాయకులు సమావేశమయ్యారు. 1706లో తొలి ప్రొటెస్టంటు మిషనరీలు అడుగుపెట్టిన రేవు అదే. ఒకరిద్దరు తప్ప అందరు భారతీయులే. అజరయ్య నాయకత్వములో వారు సంఘముల ఐక్యతను కోరుతూ ఒక ప్రకటన చేశారు. మరుసటి సంవత్సరము నుండి ఆంగ్లికన్ సంఘమునకు, 1908లో ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘములు కలియగా ఏర్పడిన దక్షిణ భారత ఐక్య సంఘమునకు మధ్య చర్చలు మొదలయ్యాయి. 1925లో మెథడిస్టులు కూడ చేరారు.

చిక్కుముడి బిషప్ పదవి దగ్గర పడింది. బిషప్ చేత అభిషేకము పొందినవాడే నిజమైన గురువు అని ఆంగ్లికన్ల వాదము. ఇతరులు తమ గురువుల అభిషేకము ఏమాత్రము తక్కువది కాదని పట్టుబట్టారు. చివరకు ఉభయులు ఒక మార్గమునకు వచ్చారు. ఐక్య సంఘములో బిషప్పులు ఉంటారు, ఇకపై గురువులను వారే అభిషేకిస్తారు, ఇదివరకే గురువులుగా ఉన్నవారికి మాత్రము మళ్ళీ అభిషేకము అక్కరలేదు. ఇంగ్లండులో దీనికి గట్టి వ్యతిరేకత వచ్చింది. ప్రసిద్ధ కవి టి.ఎస్.ఎలియట్ 1943లో ఈ పథకమును ఖండిస్తూ ఒక చిన్న పుస్తకమే వ్రాశాడు. తానే బిషప్ అయి ఉండి, ఆ పదవి అధికారము కొరకు కాక సంఘమును కలుపుట కొరకే అని అజరయ్య వాదించాడు. 1927లో లొసాన్‌లో జరిగిన ప్రపంచ సభలోను, 1930 నాటి లాంబెత్ సభలోను ఈ విషయమునే విన్నవించాడు.

గాంధీజీతో అభిప్రాయభేదము

1932లో బ్రిటిషు ప్రభుత్వము భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు ప్రకటించినప్పుడు అజరయ్య వ్యతిరేకించాడు. క్రైస్తవులు రాజకీయముగా వేరొక వర్గముగా మిగిలిపోరాదని ఆయన అభిప్రాయము. ఈ విషయములో ఆయన ఆలోచన గాంధీజీకి దగ్గరగా ఉన్నది. కాని మతమార్పిడుల విషయములో ఇద్దరికి పొత్తు కుదరలేదు. 1935లో అంబేద్కర్ హిందూ మతమును విడుతానని ప్రకటించిన తరువాత ఈ వివాదము మరింత తీవ్రమైంది. నిరుపేద దళితులు సామూహికముగా మతము మారుట ఆత్మవిషయము కాదని గాంధీజీ భావించాడు. దళితునికి కూడ తన మేలు తెలుసుకొని నిర్ణయించుకొను హక్కు, శక్తి ఉన్నవని అజరయ్య భావించాడు. ఈ ప్రశ్న నేటికీ పూర్తిగా తేలలేదు.

డోర్నకల్ కెథడ్రల్

ఏళ్ళ తరబడి నిర్మాణము సాగిన డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠించబడింది. దీని గుమ్మటములు, మినారులు ముస్లిం వాస్తును, స్తంభములు ద్రావిడ దేవాలయ మండపములను తలపిస్తాయి. నిజాం రాజ్యములోని ప్రజల వారసత్వములన్నిటికి ఒకే కప్పు కింద చోటు ఉండాలన్నది అజరయ్య ఆశయము.

మరణము, తదనంతరము

అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్‌లో మరణించాడు. సమాధి అక్కడే ఉన్నది. ఆయన పాతికేళ్ళు పోరాడిన ఐక్యతా పథకమును ఆంగ్లికన్ మహాసభ ఆమోదించినది అదే సంవత్సరములో. 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘము ప్రారంభమైంది. సుమారు 10 లక్షల మంది సభ్యులు అందులో చేరారు. బిషప్పులు గల సంఘము, బిషప్పులు లేని సంఘములు కలిసి ఒక్కటి అగుట ప్రపంచములో అదే మొదటిసారి.

అయితే ఐక్యత పూర్తి కాలేదు. తెలుగువారిలో అధిక సంఖ్యలో ఉన్న లూథరన్లు, బాప్టిస్టులు వేరుగానే ఉండిపోయారు. అందుచేత డోర్నకల్, మెదక్, కృష్ణా - గోదావరి, రాయలసీమ మండలములు ఒకే సంఘములో ఉండగా, గుంటూరు, నెల్లూరు, హనుమకొండల పాత మిషను హద్దులు మాత్రము నేటికీ శాఖల హద్దులుగా నిలిచి ఉన్నాయి.