శ్రీ చిత్తజల్లు పుల్లయ్య గారు

పిల్లలను నమ్మి సినిమాలు తీసిన దర్శకులలో, తునికి పొరుగున ఉన్న కాకినాడ వాస్తవ్యులు శ్రీ పుల్లయ్య గారు అగ్రగణ్యులు. వారు 1898లో జన్మించారు. మద్రాసులో ఆర్. ప్రకాష్ గారి వద్ద పని నేర్చుకొని, కాకినాడలో 'భక్త మార్కండేయ' మూకీ తీశారు. ఊరూరా తిరిగి సినిమాలు ప్రదర్శించారు.

1934లో వారి 'లవకుశ' విడుదలైంది. ఇద్దరు పసివాళ్లు యాగాశ్వాన్ని కట్టేసి కన్నతండ్రి సేననే ఎదిరించే ఆ కథకు పల్లెజనం బళ్లు కట్టుకొని వెళ్లారు. 1936లో 'సతీ అనసూయ'లో వేషాలన్నీ పిల్లలకే ఇచ్చి, 'ధ్రువ విజయం' జతచేసి ఒకే ఆటగా చూపించారు. అనసూయగా వేసిన బాలిక కృష్ణవేణి గారే తర్వాత 1949లో 'మనదేశం' నిర్మించి ఎన్.టి. రామారావు గారిని తెరకు పరిచయం చేశారు.

ఆ రామారావు గారే రాముడుగా పుల్లయ్య గారు మళ్లీ 'లవకుశ' రంగుల్లో మొదలుపెట్టారు. డబ్బు చాలక చిత్రం ఏళ్ల తరబడి ఆగింది. తిరిగి మొదలయ్యేసరికి వారి ఆరోగ్యం సహకరించలేదు. కుమారుడు సి.ఎస్. రావు గారు పూర్తి చేయగా, 1963 మార్చి 29న విడుదలై అఖండ విజయం సాధించింది. పుల్లయ్య గారు 1967లో కన్నుమూశారు.

మిత్రులారా! మనమంతా ఏదో ఒకనాడు చార్జి అప్పగించి వచ్చినవాళ్లమే. సగంలో ఉన్న పనిని సమర్థుడి చేతిలో పెట్టడం కూడా ఆ పనిలో భాగమేనని వారి జీవితం చెబుతోంది.