పాచికల లెక్క తెలిసిన జూదరి: కార్డానో

ఇటలీ దేశంలోని పావియా పట్టణంలో 1501వ సంవత్సరం సెప్టెంబరు 24వ తేదీన జిరొలామో కార్డానో జన్మించాడు. తండ్రి ఫాజియో కార్డానో మిలాన్ నగరంలో పేరుగన్న న్యాయవాది. గణితంలో కూడ దిట్ట. లియొనార్డో డావించి అంతటివాడు రేఖాగణితంలో సందేహం కలిగినప్పుడు అతనిని సంప్రదించేవాడు. తల్లి పేరు కియారా. బిడ్డ పుట్టేనాటికి ఆ యిద్దరికీ వివాహం కాలేదు. ఈ ఒక్క సంగతి కార్డానోను నడివయస్సు వరకు వెన్నాడుతూనే వచ్చినది.

పావియాలోను, పాడువాలోను అతడు వైద్యశాస్త్రం అభ్యసించాడు. చదువు ముగియకమునుపే తండ్రి గతించాడు. చేతికి వచ్చిన కొద్దిపాటి ధనం కరిగిపోయినది. అటుపిమ్మట కొంతకాలం అతనికి జూదమే అన్నం పెట్టినది. పేకాట, చదరంగం, పాచికలు - మూడింటిలోనూ ఆరితేరినవాడు. చదరంగం నలభై ఏళ్లకు పైగా, పాచికలు సుమారు ఇరవైయైదేళ్లు ఆడినట్లు వృద్ధాప్యంలో రచించిన ఆత్మకథలో తానే ఒప్పుకొని, అందుకు సిగ్గుపడినాడు కూడ.

ఆ ఆత్మకథలోనే వెనిసు నగరంలో జరిగిన ఉదంతం ఒకటి ఉన్నది. ఒక సెనేటరు ఇంట పేకాడి మొదటినాడు కొంత సొమ్ము పోగొట్టుకొన్నాడు. మరునాడు ముక్కలకు గుర్తులు పెట్టి ఉండడం కనిపెట్టి, కోపం పట్టలేక ఆ గృహస్థుని ముఖంమీద బాకుతో గాయపరచి, తన సొమ్ము లాగుకొని బయటపడినాడు. ఆ రాత్రి చీకటిలో తప్పించుకొని తిరుగుతూ కాలుజారి నీటిలో పడినాడు. అటుగా పోతున్న పడవవారు పైకి లాగినారు. చూడగా ఆ పడవలో ముఖానికి కట్టు కట్టుకొని కూర్చున్నవాడు ఆ సెనేటరే! అతడు పగ తీర్చుకొనలేదు సరికదా, తడిసిన బట్టలు మార్చుకొనడానికి పొడిబట్టలు ఇప్పించి పాడువా వరకు వెంట తీసుకొనిపోయినాడు.

వైద్యపట్టం పొందిన తరువాత మిలాన్ వైద్యుల సంఘంలో ప్రవేశం కోరితే, అక్రమ సంతానమన్న కారణంచేత వారు నిరాకరించినారు. పాడువా సమీపాన ఒక పల్లెలో కాపురం పెట్టి, 1531లో లుచియా అనే యువతిని పెండ్లాడినాడు. తరువాత గల్లరాటె అనే ఊరికి మారినాడు. అక్కడ రోగులు రాలేదు, పాచికలూ కలిసిరాలేదు. భార్య నగలు కుదువకు పోయినవి, ఇంటిసామగ్రి పోయినది. చివరకు చంటిబిడ్డతో మిలాన్ చేరి బీదల ఆశ్రమంలో తలదాచుకొనవలసి వచ్చినది. 1534లో గణితోపన్యాసకుని పని దొరికి కొంత తెరిపి కలిగినది. వైద్యసంఘం వారు అతనిని చేర్చుకొన్నది 1539లో.

ఇంతగా జూదంవల్ల దెబ్బతిన్నవాడు ఆ జూదాన్నే లెక్కకు లొంగదీయబూనడం విశేషం. నలోపాఖ్యానంలో ఋతుపర్ణుడు చెట్టు ఆకులను, కాయలను చూపుమాత్రాన లెక్కించగలవాడనీ, అక్షహృదయం కూడ ఎరిగినవాడనీ మనం చదువుకొన్నదే. గణనకూ పాచికలకూ గల చుట్టరికం మన పూర్వులకు స్ఫురించకపోలేదు. కాని ఆ విద్యను సంఖ్యలలో పెట్టి గ్రంథంగా రచించిన తొలివారిలో కార్డానో ముఖ్యుడు. పాచికలాటను గురించి లాటిన్ భాషలో అతడు వ్రాసిన చిన్న పుస్తకంలో 32 అధ్యాయాలు ఉన్నవి. మోసాలెట్లా చేస్తారో, దొంగపాచికలు ఎట్లా ఉంటాయో కూడ అందులో ఉన్నది. ఆటగాళ్లిద్దరికీ పరిస్థితులు సమానంగా ఉండాలన్నది అతని మూలసూత్రం.

ఆరు ముఖాల పాచికలు రెండు వేస్తే ఎన్ని విధాలుగా పడవచ్చును? జతలనుబట్టి చూస్తే 21 అనిపిస్తుంది. ఒక పాచికమీద 1, రెండవదానిమీద 2 పడడం వేరు. మొదటిదానిమీద 2, రెండవదానిమీద 1 పడడం వేరు. ఈ భేదాన్ని పాటించి కార్డానో 36 అని నిర్ణయించాడు. వీటిలో మొత్తం 7 అయ్యేవి 6. 6 గాని 8 గాని అయ్యేవి చెరి 5. 5, 9 అయ్యేవి చెరి 4. 4, 10 అయ్యేవి చెరి 3.

ఈ పట్టికమీదనే 19వ శతాబ్దంలో అమెరికాలో వ్యాపించిన క్రాప్స్ అనే పాచికలాట నిలిచి ఉన్నది. ఆ ఆటలో ఒక సంఖ్యకు ఎదురుగా పందెం కాయవచ్చును. 4కు ఎదురుగా కాస్తే, 4 పడకముందు 7 పడినచో గెలుపు. 7కు ముందే 4 పడినచో ఓటమి. తక్కినవి పడితే మళ్లీ వేయడమే. అనుకూలమైనవి 6, ప్రతికూలమైనవి 3. గెలుపు ఇంత సులభం కనుక 20 డాలర్లు గెలుచుకొనడానికి 40 డాలర్లు ఒడ్డవలె. 5కు గాని 9కి గాని ఎదురుగా ఐతే 30. 6కు గాని 8కి గాని ఎదురుగా ఐతే 24.

ఇంతవరకు పందెం ధర్మబద్ధమే. సగటున 9 ఆటలలో 6 గెలిస్తే వచ్చేది 120. 3 ఓడితే పోయేది 120. తక్కిన సంఖ్యలలోనూ అంతే: 4 సార్లు 30 ఐనా, 5 సార్లు 24 ఐనా 120యే. మరి జూదశాలకు మిగిలేదేమిటి? గెలువబోయే సొమ్ముమీద నూటికి 5 వంతున కమీషన్. అంటే 20కి 1 డాలరు. ముందుగానే వసూలు చేసేచోట 4కు ఎదురుగా 41 పెట్టి ఆడవలె. గెలుపోటములు ఒకదానికొకటి చెల్లిపోతాయి కనుక ఆటకొక డాలరు నికరంగా పోతుంది: పెట్టిన సొమ్ములో నూటికి సుమారు 2.4. 5కు ఎదురుగా 31లో 1, నూటికి 3.2, 6కు ఎదురుగా 25లో 1, నూటికి సరిగా 4. డాలరు అదే ఐనా పెట్టుబడి తగ్గినకొలదీ బరువు హెచ్చుతున్నది. గెలిచినప్పుడు మాత్రమే కమీషన్ తీసుకొనే జూదశాలలు కూడ కలవు; అక్కడ 4కు ఎదురుగా 9 ఆటలకు పోయేది 6 డాలర్లే. సగటు అనే మాటకు అర్థం బోధపడని విద్యార్థికి నల్లబల్లమీద ఈ లెక్క వేసి చూపవచ్చును.

కార్డానో తప్పటడుగులు వేయకపోలేదు. ఒక పాచికను మూడుసార్లు వేస్తే కోరిన ముఖం పడే అవకాశం సగమని భావించాడు, ఆరులో సగం మూడు గనుక. నిజానికి 216లో 91 మాత్రమే. వరుస గెలుపుల విషయంలోనూ మొదట పొరబడి, పిమ్మట అవకాశాలను ఒకదానితో ఒకటి గుణించవలెనని గ్రహించాడు. 9లో 6 అవకాశం గలవాడు వెంటవెంట రెండుమార్లు గెలిచే అవకాశం 81లో 36. తొలి పొరపాటును మాత్రం కొట్టివేయలేదు.

ఘన సమీకరణాల సాధనను 1545లో ప్రకటించి యూరప్ అంతటా కీర్తిని, తార్తాలియా అనే గణితజ్ఞుని శాశ్వతవైరాన్ని సంపాదించాడు. 1552లో స్కాట్లండు ఆర్చిబిషప్పు ఉబ్బసానికి చికిత్స చేసి, ఈకల పరుపు మాన్పించాడు. అది అతని భాగ్యం పండిన కాలం. 1560లో పెద్దకొడుకు జాంబాటిస్టా భార్యకు విషం పెట్టిన నేరానికి శిరచ్ఛేదం పొందినాడు. ఆ కొడుకును కాపాడలేకపోయిన దుఃఖం తండ్రిని మరి వీడలేదు. రెండవకొడుకు ఆల్డో జూదరియై తండ్రి ఇంటిలోనే దొంగతనానికి దిగితే, కార్డానోయే అధికారులకు చెప్పి బహిష్కరింపజేశాడు. 1570లో మతవిచారణ సభ వృద్ధుని చెరలో పెట్టినది; క్రీస్తుకు జాతకం వేయడం ఆరోపణలలో ఒకటని చెబుతారు. కొన్ని మాసాలకు విడిచిపెట్టినారు గాని పాఠాలు చెప్పరాదు, గ్రంథాలు అచ్చువేయరాదు. రోముకు చేరి, పోపు ఇచ్చిన భరణంతో కాలం గడిపి, 1576 సెప్టెంబరు 21న మరణించాడు. తాను చెప్పిన తేదీకే చావడానికి అన్నం మానివేశాడన్నది కేవలం పుక్కిటి కథ కావచ్చును.

పాచికల పుస్తకం అతని జీవితకాలంలో అచ్చుకాలేదు. 1663లో లియాన్ నగరంలో అతని సమగ్ర గ్రంథావళి వెలువడినప్పుడు అందులో చేరినది. అప్పటికి తొమ్మిదేళ్లకు పూర్వమే పాస్కల్, ఫెర్మా ఉత్తరాల మూలంగా ఆ శాస్త్రాన్ని స్వతంత్రంగా నిర్మించి ఉన్నారు. అచ్చైన ప్రతిలో తప్పు లెక్కా, దానిని దిద్దిన ఒప్పు లెక్కా కొద్ది పుటల ఎడంలో ఉన్నవి.